పొద్దున సున్నా, గంటకల్లా 90 గ్రాములు: ఒక తూకం బోర్డు కేస్ స్టడీ

అనలాగ్ బోర్డుల్లో వచ్చే తప్పులు చాలావరకు ఎవరో నిర్లక్ష్యం చేయడం వల్ల రావు. ఈ బోర్డు చేసినవాళ్లు డేటాషీట్లు చదివారు, ప్రోటోటైప్ కట్టి చూశారు, మంచి లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్) కొన్నారు. ఒక్క లెక్క మాత్రం వేయలేదు. ఆ లెక్క ఏమిటో, దాన్ని వేశాక కూడా నేను ఎక్కడ పప్పులో కాలేశానో వివరంగా రాస్తే ఇంకొకరికి రెండు వారాలు కలిసొస్తాయని ఈ కేసు రాస్తున్నాను. క్లయింట్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

పొడి సరుకును బస్తాల్లో నింపే మెషీన్ అది. గరిష్ఠ తూకం 20 కిలోలు, తేడా 5 గ్రాములు దాటకూడదు. లోడ్ సెల్ మామూలు 350 ఓమ్‌ల స్ట్రెయిన్ గేజ్ బ్రిడ్జ్, అంటే బరువుకు సాగి నిరోధకత మారే నాలుగు రెసిస్టర్ల వలయం. ఎక్సైటేషన్ (బ్రిడ్జ్‌కు మనం ఇచ్చే వోల్టేజీ) ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్ట్ల సిగ్నల్ ఇస్తుంది. 5 వోల్ట్ల ఎక్సైటేషన్‌తో 20 కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్ట్లు. అంటే ఒక గ్రాముకు అర మైక్రోవోల్ట్. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

సిగ్నల్ మొదట రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు, వాటి నుంచి గ్రౌండ్‌కు రెండు 100 నానోఫారడ్ కెపాసిటర్లతో చేసిన ఫిల్టర్ గుండా వెళ్తుంది. ఆ తర్వాత ఎల్ఎం324 చిప్‌లోని మూడు ఆప్-యాంప్‌లతో కట్టిన ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్, అంటే రెండు వైర్ల మధ్య తేడాను పెంచే సర్క్యూట్. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) సుమారు 200. దాని అవుట్‌పుట్ రెండు దారుల్లో పోతుంది: ఒకటి డిస్‌ప్లే కోసం ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే చిప్), రెండోది బస్తా నిండగానే గేటు మూసే కంపరేటర్‌కు (రెండు వోల్టేజీలను పోల్చే చిప్).

ఇదంతా ఎందుకు, బ్రిడ్జ్‌ల కోసమే చేసిన 24 బిట్ల ఏడీసీ చిప్ పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. నేనూ మొదట అదే అడిగాను. హెచ్ఎక్స్711 లాంటి చిప్ సెకనుకు 80 రీడింగ్‌లు ఇచ్చే మోడ్‌లో కూడా కుదురుకోవడానికి 50 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఈ గేటు కొన్ని మిల్లీసెకన్లలో స్పందించాలి. కాబట్టి అనలాగ్ దారి ఉండాల్సిందే.

సమస్య

పొద్దున మెషీన్ ఆన్ చేసి జీరో సెట్ చేస్తారు. గంట గడిచేసరికి ఖాళీ పళ్లెం మీద 90 గ్రాములు చూపిస్తుంది. మెషీన్ ఆపి చల్లారనిస్తే మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. బాక్స్ మూత తీసి పక్కన ఫ్యాన్ వేస్తే 10, 15 గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. బస్తా నింపేటప్పుడు వైబ్రేటర్ నడుస్తుంటే ఇంకో 8 గ్రాముల వణుకు.

ఈ మూడింటినీ క్లయింట్ ఒకే మాటలో చెప్పారు: "రీడింగ్ నిలబడట్లేదు." నేనూ నోట్‌బుక్‌లో అదే ఒక్క ముక్క రాసుకున్నాను. మూడు లక్షణాలను మూడు వరసలుగా విడదీసి రాసుకుని ఉంటే, ఫ్యాన్ సంగతి మొదటి రోజే నాకు దారి చూపించేది.

అప్పటికే చేసి చూసినవి

లోడ్ సెల్ రెండుసార్లు మార్చారు, తేడా లేదు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆటో జీరో పెట్టారు: రీడింగ్ సున్నాకు దగ్గర్లో నెమ్మదిగా కదిలితే దాన్ని సున్నాగా తీసుకోవడం. డిస్‌ప్లే కుదురుగా కనిపించింది, బస్తాల తూకం మాత్రం తప్పుతూనే ఉంది. గేటు మూసే నిర్ణయం అనలాగ్ లైన్ మీద జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ సవరణ అక్కడికి చేరదు. పైగా గేటు సందుల్లోంచి పొడి కొద్దికొద్దిగా రాలి పళ్లెంలో పేరుకుంటే ఆటో జీరో దాన్ని కూడా డ్రిఫ్ట్ (రీడింగ్ దానంతటదే జారడం) అనుకుని మింగేసేది.

మూడో ప్రయత్నం టెంపరేచర్ టేబుల్. బోర్డు మీద థర్మిస్టర్ పెట్టి, ఎన్ని డిగ్రీలకు ఎన్ని గ్రాములు తీసేయాలో ఒక పట్టిక తయారుచేశారు. ఆ పట్టిక తీసిన బోర్డు మీద చక్కగా పనిచేసింది. రెండో బోర్డు మీద డ్రిఫ్ట్ రెట్టింపైంది. ఆప్-యాంప్ ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ తేడా సున్నా అయినా అది కలిపే చిన్న తప్పు వోల్టేజీ) వేడికి ఏ వైపు కదులుతుందన్నది ఒక్కో చిప్‌కు ఒక్కోలా ఉంటుంది. డేటాషీట్ అంకె దాని పరిమాణమే చెబుతుంది, దిశ చెప్పదు.

తప్పు ఎటువైపు?

నేను చేసిన మొదటి పని లోడ్ సెల్ తీసేయడం. దాని స్థానంలో నాలుగు 350 ఓమ్ రెసిస్టర్లతో డమ్మీ బ్రిడ్జ్ కట్టాలని వాళ్ల ఇంజనీర్ సిద్ధమయ్యాడు. చాలామంది చేసేది అదే. కాగితం మీద లెక్కేసి చూపించి ఆపాను. డిగ్రీకి 25 పీపీఎం (పది లక్షల్లో 25 భాగాలు) మారే మంచి రెసిస్టర్ తీసుకున్నా, ఒక్కటి మిగతా మూడింటి కంటే అంత ఎక్కువ కదిలితే 5 వోల్ట్లలో నాలుగో వంతుకు 25 పీపీఎం, అంటే డిగ్రీకి 31 మైక్రోవోల్ట్లు. గ్రాముల్లో 62. మనం వెతుకుతున్న తప్పు కంటే పరీక్ష పరికరం తప్పే పెద్దది.

"మరి ఏం పెడదాం సార్?" అన్నాడు.

"రెండే రెసిస్టర్లు పెట్టండి. మధ్య పాయింట్ నుంచి రెండు ఇన్‌పుట్‌లకూ ఒకే వైరు ఇవ్వండి. రెసిస్టర్లు ఎంత కదిలినా రెండు ఇన్‌పుట్‌లూ కలిసే కదులుతాయి. వాటి మధ్య తేడా సున్నాయే."

అలా పెట్టాక గంటలో 80 గ్రాముల పైనే కదిలింది. లోడ్ సెల్ నిర్దోషి. బాక్స్ లోపల ఆ గంటలో టెంపరేచర్ 9 డిగ్రీలు పెరిగింది.

గ్రాముల్లో లెక్క

ఇప్పుడు అసలు లెక్క. ప్రతి పార్టు తప్పునూ ఇన్‌పుట్ దగ్గరికి తెచ్చి, మైక్రోవోల్ట్లను గ్రాములుగా మార్చి ఒక కాగితం మీద రాశాం.

ఎల్ఎం324 ఆఫ్‌సెట్ డ్రిఫ్ట్ సాధారణంగా డిగ్రీకి 7 మైక్రోవోల్ట్లు. అంటే 14 గ్రాములు. 9 డిగ్రీలకు 126. మనం చూసిన 80, 90 ఆ స్థాయిలోనే ఉంది. ఈ చిప్ చెడ్డది కాదు, దశాబ్దాలుగా లెక్కలేనన్ని సర్క్యూట్లలో నమ్మకంగా పనిచేస్తోంది. అర మైక్రోవోల్ట్‌ను ఒక గ్రాముగా చదివే పని దానిది కాదు, అంతే.

అదే కాగితం మీద ఇంకో వరస: దాని ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ కరెంట్ (రెండు ఇన్‌పుట్‌ల కరెంట్ల మధ్య తేడా) సాధారణంగా 5 నానోఆంప్‌లు. 10 కిలో ఓమ్ ఫిల్టర్ రెసిస్టర్‌లో అది 50 మైక్రోవోల్ట్లు, అంటే 100 గ్రాములు. స్థిరంగా ఉంటే జీరో సెట్ చేసినప్పుడు పోతుంది, కానీ ఈ కరెంట్ కూడా వేడితో మారుతుంది. 10 కిలో ఓమ్ ఎందుకు పెట్టారని అడిగితే, గ్రౌండ్ వైపు కెపాసిటర్లు చిన్నగా ఉంచి కటాఫ్ ఫ్రీక్వెన్సీ (దానికి పైన ఉన్నవాటిని ఫిల్టర్ తగ్గించేసే హద్దు) తగ్గించడానికని చెప్పారు. ఫిల్టర్ వైపు నుంచి ఆలోచిస్తే సరైన జవాబే. ఆ రెసిస్టర్‌లో యాంప్లిఫయర్ కరెంట్ కూడా పారుతుందన్నది అప్పుడు వాళ్లకు తట్టలేదు.

ఓపీ07 వేద్దామా అన్న ప్రతిపాదన వచ్చింది. ఎల్ఎం324 కంటే ఎన్నో రెట్లు మెరుగైన పార్టు. అయితే దాని అంకెలన్నీ ప్లస్ మైనస్ 15 వోల్ట్ల సప్లై మీద ఇచ్చినవి, ఇన్‌పుట్‌లు రెండు రైల్స్‌కూ (సప్లై పై, కింది అంచులకు) తగినంత దూరంలో ఉండాలి. మన దగ్గర ఉన్నది ఒకే 5 వోల్ట్ల సప్లై. అంకె బాగున్నంత మాత్రాన ఆ అంకె మన బోర్డు మీద వస్తుందనుకోకూడదు.

అందుకని తన ఆఫ్‌సెట్‌ను తనే ఎప్పటికప్పుడు సరిచేసుకునే జీరో-డ్రిఫ్ట్ రకం ఆప్-యాంప్‌కు వెళ్లాం. ఓపీఏ333 కుటుంబంలో డ్రిఫ్ట్ గరిష్ఠంగా డిగ్రీకి 0.05 మైక్రోవోల్ట్, అంటే 0.1 గ్రాము. 5 వోల్ట్ల సప్లై మీద హాయిగా నడుస్తుంది. లెక్క ప్రకారం గంట డ్రిఫ్ట్ 90 నుంచి 1 గ్రాముకు రావాలి.

వచ్చింది 25.

ఎక్కడ తప్పాను

ఇక్కడ నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. చిప్ నకిలీదేమో అనుకుని ఇంకో లాట్ తెప్పించి మార్చాం. 25 కాస్తా 22 అయింది. జీరో-డ్రిఫ్ట్ చిప్‌ల ఇన్‌పుట్ కరెంట్ మీద అనుమానపడ్డాను. కీడెంచి మేలెంచమన్నట్టు గరిష్ఠ అంకె 200 పికోఆంప్‌లు రెండు ఇన్‌పుట్‌లకూ ఎదురెదురుగా తీసుకున్నా 10 కిలో ఓమ్‌లో 4 మైక్రోవోల్ట్లు, అంటే 8 గ్రాములు. 25కు అది చాలదు.

నాలుగో రోజు మూత తీసి బోర్డు చూస్తుండగా ఎవరో పక్కనుంచి నడిచి వెళ్లారు. రీడింగ్ 6 గ్రాములు ఊగి మళ్లీ సర్దుకుంది. మొదటి రోజు విని పక్కన పెట్టేసిన ఫ్యాన్ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆప్-యాంప్ చిప్‌లో గాలికి అంత వేగంగా కదిలేది ఏమీ లేదు. గాలికి వెంటనే స్పందించేవి పల్చటి, చిన్న వస్తువులు: సోల్డర్ జాయింట్లు, చిప్ రెసిస్టర్ల అంచులు.

రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోటల్లా ఒక థర్మోకపుల్ ఉంటుంది, అంటే వేడి తేడాకు చిన్న వోల్టేజీ పుట్టే జంట. రాగి, సోల్డర్ జోడీకి డిగ్రీకి కొద్ది మైక్రోవోల్ట్లు. రాగికీ, కొన్ని ఐసీ కాళ్లలో వాడే కోవార్ అనే మిశ్రమలోహానికీ మధ్య డిగ్రీకి 40 మైక్రోవోల్ట్ల దాకా. రెసిస్టర్ రెండు చివరలూ ఒకే వేడిలో ఉంటే అటూ ఇటూ పుట్టే వోల్టేజీలు కొట్టేసుకుంటాయి. ఒక చివర వేడెక్కితే తేడా నేరుగా సిగ్నల్‌లో కలుస్తుంది. డిగ్రీలో పదో వంతు తేడా వచ్చినా మన స్కేల్లో అది గ్రాములే.

బోర్డు చూస్తే 12 వోల్ట్ల నుంచి 5 వోల్ట్లు చేసే లీనియర్ రెగ్యులేటర్ ఒక ఫిల్టర్ రెసిస్టర్‌కు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, రెండో దానికి 40. బ్రిడ్జ్, డిజిటల్ భాగం కలిపి 75 మిల్లీఆంప్‌లు లాగుతున్నాయి. 7 వోల్ట్ల తేడాతో గుణిస్తే అర వాట్ పైనే వేడి.

రుజువు కోసం సోల్డరింగ్ ఐరన్ తీసుకున్నాం. మొనను ఎక్కడా ఆనించకుండా, ఎడమ ఇన్‌పుట్ రెసిస్టర్ పక్కన సెంటీమీటరు దూరంలో పట్టుకున్నాను. పదిలోపు లెక్కపెట్టేసరికి రీడింగ్ ప్లస్ 30 గ్రాములకు ఎక్కింది. తీసేస్తే నెమ్మదిగా దిగింది. కుడి రెసిస్టర్ పక్కన అదే దూరంలో పట్టుకుంటే మైనస్ 28. రెండింటికీ సరిగ్గా మధ్యలో పట్టుకుంటే దాదాపు కదల్లేదు. ఆ మూడు రీడింగ్‌లు చూశాక వాళ్ల ఇంజనీర్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పరీక్ష తనే ఇంకో నాలుగుసార్లు చేసుకున్నాడు. నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైన క్షణాలు ఇవే.

దీనికి మంచి చిప్ కొనడం మందు కాదు. బోర్డు లేఅవుట్ మార్చాలి. రెండు ఇన్‌పుట్ రెసిస్టర్లను పక్కపక్కనే, ఒకే దిశలో, వేడి వచ్చే వైపుకు అడ్డంగా పెట్టాం. అప్పుడు ఒక్కో రెసిస్టర్ రెండు చివరలూ ఒకే వేడిలో ఉంటాయి. రెగ్యులేటర్‌ను దూరపు మూలకు జరిపాం. డిజిటల్ భాగానికి సప్లై వేరే బోర్డు నుంచి తెచ్చాం కాబట్టి ఇక్కడ మిగిలింది 20 మిల్లీఆంప్‌లే, వేడి 0.14 వాట్. స్విచింగ్ రెగ్యులేటర్ పెడితే వేడి ఇంకా తగ్గేది. కానీ జీరో-డ్రిఫ్ట్ ఆప్-యాంప్ లోపల కూడా ఒక క్లాక్ నడుస్తుంది, ఓపీఏ333లో అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర. దాని పక్కన ఇంకో స్విచింగ్ పెడితే రెండింటి తేడా ఫ్రీక్వెన్సీ మన సిగ్నల్ బ్యాండ్‌లో దిగే ప్రమాదం ఉంది. ఒక తలనొప్పి పోగొట్టడానికి ఇంకోటి తెచ్చుకోవడం అనవసరం అనుకున్నాను. చివరగా ఇన్‌పుట్ భాగం మీద గాలి తగలకుండా చిన్న ప్లాస్టిక్ టోపీ.

వైబ్రేటర్ వణుకు

ఇది త్వరగానే తేలింది. పెన్సిల్ వెనక భాగంతో బోర్డు మీద ఒక్కో చోట తడుతూ స్కోప్ చూశాం. ఇన్‌పుట్ కెపాసిటర్ల దగ్గర తట్టినప్పుడల్లా ముల్లులా లేచింది. అవి ఎక్స్7ఆర్ రకం సిరామిక్. అందులోని బేరియం టైటనేట్‌కు పీజోఎలక్ట్రిక్ గుణం ఉంది, కదిలిస్తే ఛార్జ్ పుడుతుంది. ఆ ఛార్జ్ పోవడానికి 10 కిలో ఓమ్ గుండా తప్ప దారి లేదు, కాబట్టి పెద్ద వోల్టేజీగా కనిపిస్తుంది.

బోర్డంతా డీకప్లింగ్‌కు (సప్లైని నిలకడగా ఉంచడానికి) వాడుతున్న 100 నానోఫారడ్ పార్టునే ఇక్కడా వేసేశారు. స్టాక్‌లో ఒక పార్టు నంబర్ తగ్గుతుందని. సప్లై పక్కన అది చక్కగా సరిపోతుంది. సిగ్నల్ దారిలో కుదరదు.

ఆ కెపాసిటర్లలో ఇంకో తప్పు కూడా దాగుంది. వాటి టాలరెన్స్ ప్లస్ మైనస్ 10 శాతం. రెండూ చెరో వైపు ఉంటే రెండు ఫిల్టర్లు సమానంగా ఉండవు, రెండు వైర్ల మీదా సమానంగా వచ్చే 50 హెర్ట్జ్ హమ్ తేడా సిగ్నల్‌గా మారిపోతుంది. 1 మిల్లీవోల్ట్ హమ్‌కు సుమారు 55 మైక్రోవోల్ట్లు వస్తుందని లెక్క తేలింది. డిస్‌ప్లేలో అది సగటులో పోతుంది, కంపరేటర్‌కు సగటు తీసే తీరిక లేదు.

కొత్త ఫిల్టర్‌లో రెసిస్టర్లు 1 కిలో ఓమ్. గ్రౌండ్‌కు రెండు 10 నానోఫారడ్, రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఒక 100 నానోఫారడ్, మూడూ సీ0జీ రకం (పీజో గుణం లేని సిరామిక్). మధ్య కెపాసిటర్ పదిరెట్లు పెద్దది కాబట్టి చిన్నవాటి అసమానతను అది కప్పేస్తుంది. తేడా సిగ్నల్‌కు కటాఫ్ సుమారు 760 హెర్ట్జ్. సీ0జీలో 100 నానోఫారడ్ కావాలంటే సైజు పెద్దది తీసుకోవాలి, బోర్డు మీద చోటు ఉంది కాబట్టి సందేహించలేదు.

10 కిలోలు పెట్టి చూస్తే

ఇంతవరకు చూసిందంతా ఖాళీ పళ్లెం మీదే. 10 కిలోల రాయి పెట్టి బాక్స్‌ను 10 డిగ్రీలు వేడిచేస్తే 26 గ్రాములు జారింది, సున్నా మాత్రం కదల్లేదు. అంటే మారుతున్నది గెయిన్. రెండు కారణాలు దొరికాయి. గెయిన్ నిర్ణయించే రెసిస్టర్లు డిగ్రీకి 100 పీపీఎం రకం. ఎదురెదురుగా కదిలితే 10 డిగ్రీలకు 0.2 శాతం, 10 కిలోల దగ్గర 20 గ్రాములు. వాటిని 10 పీపీఎం థిన్ ఫిల్మ్‌కు మార్చాం. రెండోది, ఎక్సైటేషన్ ఒక రెగ్యులేటర్ నుంచి, ఏడీసీ, కంపరేటర్ల రిఫరెన్స్ (అవి కొలబద్దగా వాడే వోల్టేజీ) ఇంకో చిప్ నుంచి వస్తున్నాయి. రెండూ విడివిడిగా జారుతాయి. మరింత ఖరీదైన రిఫరెన్స్ చిప్ వేయడం కంటే, రిఫరెన్స్‌నే ఎక్సైటేషన్ నుంచి విభజించి తీసుకోవడం నయం. ఎక్సైటేషన్ 0.1 శాతం పెరిగితే సిగ్నల్ పెరుగుతుంది, కొలబద్ద కూడా అంతే పెరుగుతుంది.

తొమ్మిదో బోర్డు

కొత్త డిజైన్‌తో పది బోర్డులు చేస్తే తొమ్మిది కుదురుగా ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం తేమగా ఉన్న రోజుల్లో 40 గ్రాములు జరిగేది. భూతద్దంలో చూస్తే ఎక్సైటేషన్ ప్యాడ్‌కూ ఇన్‌పుట్ ప్యాడ్‌కూ మధ్య ఫ్లక్స్ (సోల్డరింగ్‌కు వాడే పదార్థం) మడ్డి కనిపించింది. ఆ రెండింటి మధ్య 2.5 వోల్ట్లు. మడ్డి తేమ పీల్చి 100 మెగా ఓమ్‌లకు దిగితే 25 నానోఆంప్‌లు కారతాయి, 1 కిలో ఓమ్‌లో 25 మైక్రోవోల్ట్లు, 50 గ్రాములు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి ఆరబెడితే పోయింది. పాత 10 కిలో ఓమ్ ఉంటే ఇదే మడ్డి 500 గ్రాములు చూపించేది. కడగడం ఇప్పుడు వాళ్ల అసెంబ్లీ షీట్‌లో ఒక తప్పనిసరి వరస.

ఇప్పుడు నేను మార్చుకున్న పద్ధతి

పార్టు ఎంచుకునే ముందు కొలిచే వస్తువు యూనిట్‌లోనే తప్పులన్నీ రాస్తాను. 7 మైక్రోవోల్ట్లు అంటే ఎవరికీ భయం వేయదు, డిగ్రీకి 14 గ్రాములు అంటే వెంటనే కలం ఆగుతుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు, సోల్డర్ జాయింట్లు కూడా ఆ కాగితం మీదికి రావాలి. నా మొదటి కాగితంలో ఐసీలు, వాటి కరెంట్లే ఉన్నాయి, అందుకే 25 దగ్గర ఇరుక్కున్నాను. లెక్కకూ కొలతకూ పొంతన కుదరనప్పుడు పార్టును అనుమానించే ముందు కాగితం మీద ఏ వరస లేదో చూస్తున్నాను. లక్షణాలను క్లయింట్ మాటల్లోనే, విడివిడిగా రాసుకుంటున్నాను.

చివరి కొలతలు: మొదటి గంటలో సున్నా జరిగింది 3 గ్రాములు, ఫ్యాన్ వేస్తే 1 గ్రాము, వైబ్రేటర్ నడుస్తుంటే 2 గ్రాములు, 10 కిలోల దగ్గర 10 డిగ్రీలకు 4 గ్రాములు. ఇంకా మంచి ఆప్-యాంప్ వేసి 3ను 1 చేద్దామా అని క్లయింట్ ఆశగా అడిగారు. లోడ్ సెల్ డేటాషీట్ తెరిచి ఒక వరస చూపించాను: టెంపరేచర్ వల్ల సున్నా జరిగేది 10 డిగ్రీలకు ఫుల్ స్కేల్‌లో 0.02 శాతం. 20 కిలోలకు 4 గ్రాములు. బోర్డు పని అక్కడితో ఆపేశాం.